వార్తల్లో పదం: వైఫైనాన్స్

ఒక కంపెనీ ఇరవై ఏళ్లుగా ఎంత డివిడెండ్ పంచిందో తెలియాలంటే వార్షిక నివేదికలన్నీ తిరగేయాలి. ఆ శ్రమను నాలుగైదు వరుసల కోడ్‌కు కుదించిన పైథాన్ లైబ్రరీ వైఫైనాన్స్. 2017లో యాహూ ఫైనాన్స్ తన పాత డేటా సేవను ఆపేసినప్పుడు రాన్ అరూసీ అనే ప్రోగ్రామర్ దీనికి శ్రీకారం చుట్టారు. ఉచితం, ఓపెన్ సోర్స్. యాహూతో అధికారిక సంబంధం లేదు. అటువైపు ఏదైనా మార్పు జరిగితే ఇది ఒక్కోసారి మొరాయిస్తుంది.

వాడకం తేలిక. కంపెనీ గుర్తు చివర ఎన్‌ఎస్‌ఈకైతే డాట్ ఎన్‌ఎస్, బీఎస్‌ఈకైతే డాట్ బీఓ చేర్చి అడిగితే చాలు, తేదీ, పక్కనే షేరుకు ఎన్ని రూపాయలో జాబితా వచ్చేస్తుంది.

జాగ్రత్తపడాల్సింది ఆ జాబితాను చదవడంలోనే. అందులోని తేదీ డబ్బు ఖాతాలో పడిన రోజు కాదు, ఎక్స్-డివిడెండ్ తేదీ. ఆ రోజుగానీ, తర్వాతగానీ షేరు కొన్నవారికి ఆ డివిడెండ్ రాదు. అంకె కూడా బోనస్‌లు, విభజనలకు తగ్గట్టు సర్దినదే. ఇన్ఫోసిస్‌నే చూడండి. 2018 జూన్‌లో తుది డివిడెండ్ 20.50, ప్రత్యేక డివిడెండ్ 10, కలిపి షేరుకు 30.50 రూపాయలు ఇచ్చింది. సెప్టెంబరులో ఒకటికి ఒకటి బోనస్ రావడంతో సర్దుబాటు లెక్కలో అది 15.25 అవుతుంది. ఏళ్ల తరబడి రాబడిని పోల్చడానికి రెండోది కావాలి, చేతికొచ్చిన సొమ్ముకు మొదటిదే లెక్క. 2020 ఏప్రిల్ నుంచి డివిడెండ్‌పై పన్ను వాటాదారే కడుతున్నారు. కాబట్టి ఆదాయపు పన్ను రిటర్నులో ఈ అంకెలను యథాతథంగా దించేయకుండా బ్యాంకు జమలతో, కోసుకున్న టీడీఎస్‌తో సరిచూసుకోవాలి.