చదువు పొయ్యి వెలిగించాలి
చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి పల్లెల్లో పెద్దల బడి

వయోజన విద్య అనగానే మనలో చాలామందికి గుర్తుకొచ్చేది లాంతరు వెలుగులో పలక పట్టుకుని ‘అ, ఆ’లు దిద్దుకునే పెద్దవాళ్ళే. 1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం మొదలైనప్పటి నుంచీ ఆ బొమ్మ మన మనసుల్లో అలాగే నిలిచిపోయింది. వేలిముద్ర పోయి సంతకం రావడం మంచిదే. కానీ చదువు సంతకం దగ్గరే ఆగిపోతే దానివల్ల కడుపు నిండదు.

అక్షరం బతుకును తాకితే ఏమవుతుందో తెలుగువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వెళ్ళిన స్త్రీలు వాచకంలోని పాఠం గురించి మాట్లాడుకుంటూ, మాట్లాడుకుంటూ, తమ ఊరి సారా దుకాణం మీదకు వెళ్ళారు. ఆ కదలిక జిల్లా అంతా పాకి, 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధానికి దారితీసింది. వాళ్ళకు ఆ పాఠం పరీక్ష కోసం కాదు, తమ ఇంటి కోసం.

ఇప్పుడు కర్ణాటకలోని మన తెలుగు పల్లెలకు అలాంటి చదువే మరో రూపంలో కావాలి. భూమిని పాడుచేయకుండా పండించడం, పేడనూ ఎండనూ ఇంధనంగా మార్చుకోవడం నేర్పే శిక్షణలు నేడు చాలానే ఉన్నాయి. వాటిలో ఏది నిలుస్తుంది, ఏది కాగితం మీదే మిగిలిపోతుంది అన్నది తెలుసుకోవలసిన విషయం.

నదులు పుట్టినా నీళ్ళు నిలవని సీమ

చిక్కబళ్ళాపురం 2007లో కోలారు నుంచి విడివడి ప్రత్యేక జిల్లా అయింది. బాగేపల్లి, చింతామణి వైపు ఇంట్లోనూ సంతలోనూ వినిపించేది ఎక్కువగా తెలుగే. ఉత్తర పినాకిని, దక్షిణ పినాకిని, చిత్రావతి, పాపాఘ్ని ఈ నంది కొండల ప్రాంతంలోనే పుడతాయి. అయినా ఏడాది పొడుగునా పారే నది ఇక్కడ ఒక్కటీ లేదు. ఏటా 700 మిల్లీమీటర్లకు అటూఇటూగా పడే వానే ఆధారం. రాగి, వేరుశనగ వానను నమ్ముకున్నవి; టమోటా, ద్రాక్ష, పూలు, పట్టుపురుగుల కోసం పెంచే మల్బరీ బోరును నమ్ముకున్నవి. ఆ బోర్లు చాలాచోట్ల వెయ్యి అడుగులు దాటిపోయాయి. అంత లోతు నుంచి వచ్చే నీళ్ళలో ఫ్లోరైడు బెడద వేరే.

బ్యాంకులో అప్పుల దరఖాస్తులు చూసే మాలాంటివాళ్ళకు ఈ లెక్క బాగా తెలుసు. బోరు తవ్వడానికి చేసిన అప్పు నీళ్ళు పడినా తీర్చాలి, పడకపోయినా తీర్చాలి. రెండో బోరు మొదటి దానికంటే లోతు, మూడోది ఇంకా లోతు. పొలంలో దిగుబడి కంటే ముందుగా వడ్డీ పెరుగుతుంది. చివరికి పిల్లవాడు బెంగుళూరు బస్సెక్కుతాడు. కాబట్టి ఇక్కడ తక్కువ నీటితో, తక్కువ ఖర్చుతో బతకడం నేర్పే చదువు ఇల్లు నిలబెట్టుకునే ఉపాయం.

బాగేపల్లి గోబర్ గ్యాస్

ఈ ప్రాంతంలో చెప్పుకోదగ్గ ప్రయోగం బాగేపల్లిలో జరిగింది. 1977లో అక్కడ అగ్రికల్చరల్ డెవలప్‌మెంట్ అండ్ ట్రైనింగ్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ ఏర్పడింది. ‘అడాట్స్’ అన్నది దాని పొట్టి పేరు. భూమి లేని కూలీలు, చిన్న రైతుల కుటుంబాలు ఊరూరా ‘కూలీ సంఘం’గా కూడడానికి అది తోడ్పడింది. ఆ సంఘం బాగేపల్లి నుంచి చింతామణి, చిక్కబళ్ళాపురం, గుడిబండ, శిడ్లఘట్ట తాలూకాలకు విస్తరించింది.

ఈ సంఘం పేరున 5,500 కుటుంబాలకు బయోగ్యాస్ కట్టించే పథకం 2005 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి వారి స్వచ్ఛాభివృద్ధి యంత్రాంగం కింద నమోదయింది. అప్పటికి ఇదంతా కోలారు జిల్లాయే. పథకం సూత్రం తేలికైనదే. కట్టెలు, కిరోసిన్ మానేసి పేడ గ్యాసుతో వండితే ఒక్కో ఇంటినుంచి ఏడాదికి సుమారు మూడున్నర టన్నుల బొగ్గుపులుసు వాయువు గాలిలోకి పోకుండా ఆగుతుందని లెక్క. ఆ తగ్గింపును ధనిక దేశాల వాళ్ళు కొంటారు, ఆ సొమ్ము ఇక్కడికి వస్తుంది.

మా కామర్సు వాళ్ళకు నచ్చే మాట ఒకటి ఇందులో ఉంది. లెక్క లేనిదే సొమ్ము లేదు. ఏ ఇంట్లో గ్యాస్ వెలిగింది, ఏ ఇంట్లో ఎన్నాళ్ళు ఆగింది అన్నది రాసిపెట్టాలి. అంటే పొయ్యి దగ్గర కూర్చునే ఇల్లాలే ఈ వ్యాపారానికి అసలు సాక్షి. 2012 తర్వాత ప్రపంచ బజారులో ఆ తగ్గింపుల ధర పడిపోయింది. కానీ వంటింట్లో పొగ తగ్గడానికి ఏ బజారు ధరా అక్కరలేదు. ఇళ్ళలో వంట పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

కట్టడం వేరు, నడపడం వేరు

రెండు ఘనపు మీటర్ల గోబర్ గ్యాసుకు రోజూ సుమారు 50 కిలోల పేడ కావాలి, అంటే నాలుగైదు పశువులు. పేడ ఎంతో నీళ్ళు అంత కలపాలి. రాళ్ళూ గడ్డీ ఏరేయాలి. నీళ్ళు ఎక్కువైతే గ్యాస్ తగ్గుతుంది, తక్కువైతే పైన తెట్టు కడుతుంది. గొట్టంలో చేరిన తేమను అప్పుడప్పుడు వదలాలి. పొయ్యి రంధ్రాలు మూసుకుపోతే శుభ్రం చేయాలి. గోపురానికి సన్నని పగులు వచ్చినా గ్యాస్ నిలవదు. ఇంతే విద్య. అయితే ఇంతమాత్రం చెప్పేవాళ్ళు లేక, సబ్సిడీతో కట్టిన ఎన్నో గుంతలు దేశంలో చెత్తకుండీలయ్యాయి.

సరిగ్గా నడిపితే ఫలితం చూడండి. ఒక ఘనపు మీటరు బయోగ్యాస్ సుమారు 450 గ్రాముల వంటగ్యాసుకు సమానం. రెండు ఘనపు మీటర్లు రోజూ పూర్తిగా వస్తే నెలకు 27 కిలోలు, అంటే దాదాపు రెండు సిలిండర్లు. పైగా బయటికి వచ్చే పేడనీళ్ళు చేనికి మంచి ఎరువు. ఒకే పాఠంలో వంటిల్లూ పొలమూ రెండూ ఉన్నాయి.

చదువురానివాళ్ళకు ఇలాంటి సాంకేతిక విద్య అబ్బుతుందా అనే సందేహం ఇంకా కొందరికి ఉంది. రాజస్థాన్‌లోని తిలోనియాలో బంకర్ రాయ్ 1972లో ప్రారంభించిన బేర్‌ఫుట్ కాలేజీ దీనికి సమాధానం. ఒక్క అక్షరం చదవని నాయనమ్మలు, అమ్మమ్మలు తీగల రంగులు గుర్తుపట్టి సౌరదీపాలు బిగించడం, బాగుచేయడం అక్కడ నేర్చుకున్నారు. ఆఫ్రికా దేశాల నుంచి కూడా స్త్రీలు వచ్చి నేర్చుకుని వెళ్ళారు. బోధించేవాళ్ళకూ వాళ్ళకూ ఒకే భాష లేకపోయినా పని సాగింది. చేతికి చెప్పిన పాఠం చెవికి చెప్పినదానికంటే గట్టిగా నిలుస్తుంది.

ఎండ ఉంది, పని ఎవరికి?

పొరుగున తుమకూరు జిల్లాలోని పావగడ కూడా తెలుగు వినిపించే తాలూకాయే. అక్కడ సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు 2019 నాటికి పూర్తయింది. రైతులు భూమి అమ్మలేదు, ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల చొప్పున కౌలుకు ఇచ్చారు. కరువు సీమలో అది నిలకడైన రాబడే. కానీ భూమి లేని కూలీకి కౌలు రాదు, ఆ పొలంలో ఉండే కూలిపనీ పోయింది. పలకలు తుడవడం, కాపలా కాయడం లాంటి పనులు కొందరికి దొరికాయి. సాంకేతిక ఉద్యోగం కావాలంటే ముందు ఆ విద్య నేర్చి ఉండాలి. ఎండ ఊరిదే అయినా జీతం బయటివాడికి పోతుంది.

దీనికి మార్గాలు లేకపోలేదు. కేంద్ర ప్రభుత్వ జాతీయ సౌరశక్తి సంస్థ ఆధ్వర్యంలో 2015లో ‘సూర్యమిత్ర’ శిక్షణ మొదలైంది. అది 600 గంటల కోర్సు, ఐ.టి.ఐ. చదివిన యువకులకు అనువైనది. పెద్ద చదువు లేనివాళ్ళకు గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఉన్నాయి. 1982లో ధర్మస్థల వారు, సిండికేట్ బ్యాంకు, కెనరా బ్యాంకు కలిసి ఉజిరెలో ప్రారంభించిన ప్రయోగాన్ని చూసి, 2009 తర్వాత దేశంలో జిల్లాకొకటి చొప్పున బ్యాంకుల చేత పెట్టించారు. భోజనం, వసతితో సహా ఉచితం. శిక్షణ అయ్యాక రెండేళ్ళ పాటు మనిషిని కనిపెట్టి ఉండడం, అప్పు ఇప్పించడానికి సాయపడడం ఈ సంస్థల ప్రత్యేకత. నా అభిప్రాయంలో ఆ రెండేళ్ళే అసలు చదువు.

సౌర పంపుల విషయంలో ఒక జాగ్రత్త. 2019లో వచ్చిన పి.ఎం. కుసుమ్ పథకంలో 7.5 హెచ్.పి. వరకు పంపులకు కేంద్ర సబ్సిడీ ఉంది. అయితే ఎండిన బోరులో ఏ పంపూ నీళ్ళు పుట్టించదు. లోతు, హెచ్.పి. సరిచూసుకోకుండా కొంటే సబ్సిడీ కూడా దండగే. పొలంలో తవ్వుకున్న నీటి కుంటకు, లోతు తక్కువ బావికి అది బాగా పనికొస్తుంది. అందుకే వాన నీటిని నిలిపే పాఠం ముందు, పంపు పాఠం తర్వాత.

ఏ భాషలో చెబుతారు?

చింతామణి దగ్గరి కురుబూరులో బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. నేల పరీక్ష, బిందు సేద్యం, తేనెటీగలు, పట్టు వంటి అంశాలు తెలుసుకోదలచిన రైతు మొదట వెళ్ళవలసిన చోటు అదే. పాఠాలు, పుస్తకాలు సహజంగా కన్నడంలో ఉంటాయి. మన పల్లెల్లో పిల్లలకు కన్నడం బడిభాష, కానీ అరవై ఏళ్ళ పెద్దాయనకూ, పేడ కలిపే ఆవిడకూ మనసుకు తగిలేది ఇంటిభాషే.

ఇది కొత్త సంగతి కాదు. ఈ సీమలోనే గాజుల వ్యాపారం చేసిన కైవారం నారాయణ యోగి, మనం తాతయ్య అని పిలుచుకునే మహానుభావుడు, తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు చెప్పారు. చదువురాని జనానికి తత్త్వం అందింది వాళ్ళ మాటలోనే కదా!

సరిహద్దు దాటితే తెలుగులో కావలసినంత సామగ్రి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి వ్యవసాయం నేర్పుతోంది. అక్కడ ఉపాధ్యాయుడు కూడా రైతే. తన పొలంలో చేసి చూసినవాళ్ళు పక్క ఊళ్ళకు వెళ్ళి చెబుతారు, మహిళా సంఘాలు వెన్నంటి ఉంటాయి. 2024లో ఈ కార్యక్రమానికి పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతిలో భాగం దక్కింది. దిగుబడుల మీద శాస్త్రజ్ఞుల మధ్య చర్చ ఇంకా ఉంది. కాబట్టి మొత్తం పొలం ఒకేసారి మార్చకుండా అర ఎకరంలో చేసి, ఖర్చూ రాబడీ పక్కపక్కన రాసుకుని చూడడం మేలు. తన పుస్తకం తనకు చెప్పినదాన్ని రైతు ఎవరు కాదన్నా నమ్ముతాడు.

చేరేముందు అడగవలసినవి

మన బంధువుల్లో ఎవరైనా ఇలాంటి శిక్షణకు వెళ్తామంటే ఈ నాలుగు ప్రశ్నలూ అడిగి పంపండి. చేత్తో చేయిస్తారా, ఉపన్యాసంతో సరిపెడతారా? ఇంటిభాషలో సందేహం అడిగితే జవాబు చెప్పేవాళ్ళు ఉన్నారా? శిక్షణ అయిన ఆరు నెలలకు యంత్రం ఆగితే ఎవరిని పిలవాలి? స్త్రీలకు చోటుందా? నాలుగింటికీ సరైన జవాబు రాకపోతే ఆ సర్టిఫికెట్టు పటం కట్టుకోవడానికే.

ఇక ఊరికి దూరంగా ఉన్న మనవంతు. మనలో ఇంజనీర్లు ఉన్నారు, లెక్కలవాళ్ళు ఉన్నారు, తెలుగూ కన్నడమూ రెండూ వచ్చినవాళ్ళు ఉన్నారు. కురుబూరు కేంద్రం వారి అనుమతితో ఒక చిన్న పుస్తకాన్ని తెలుగులోకి తేవచ్చు. గోబర్ గ్యాస్ రిపేరు నేర్చుకున్న కుర్రవాడికి పనిముట్ల పెట్టె కొనిపెట్టవచ్చు. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు పెరట్లో మూతపడిన గోబర్ గ్యాస్ గుంత కనిపిస్తే, అది ఎందుకు ఆగిందో ఆ ఇంటి ఇల్లాలిని అడగండి. చాలాసార్లు కావలసింది కొత్త పథకం కాదు. ఒక గొట్టం, ఒక పూట పని, నేర్పే మనిషి.