జూపాడు బంగ్లా – గ్రామనామ పరిశీలన

గ్రామనామములు చరిత్రకు సంక్షిప్త శాసనముల వంటివి. ఏలుబడులు మారినను, జనుల నాలుకపై నిలిచిన పేరు ఆయా కాలముల జాడలను తనలో దాచుకొనును. నంద్యాల జిల్లాలోని జూపాడు బంగ్లా ఇందుకు చక్కని నిదర్శనము.

కర్నూలు–గుంటూరు రహదారిపై, నందికొట్కూరు దాటి ఆత్మకూరునకు పోవు దారిలో ఈ ఊరు కలదు. పూర్వము నందికొట్కూరు తాలూకాలోనిదైన ఈ ప్రాంతము, 1985లో మండల వ్యవస్థ ఏర్పడిన పిమ్మట మండలమైనది. 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుండి విడివడి నూతన నంద్యాల జిల్లాలో చేరినది.

ఈ నామమున రెండు పొరలు కలవు. మొదటిది దేశ్యము. ‘పాడు’ అనునది గ్రామవాచకమైన ఉత్తరపదము. తమిళమునందలి ‘పాడి’ దీనికి జ్ఞాతి. ఈ మండలముననే పోతులపాడు, పోతిరెడ్డిపాడు కలవు. నేటి వాడుకలో ‘పాడు’ శిథిలార్థకమగుటచే ఇట్టి ఊళ్లను పాడుపడినవిగా భావించుట పొరపాటు. అట్లే ‘జూ’ అను పూర్వపదమును ధ్వనిసామ్యమాత్రముచే వ్యాఖ్యానించుట శాస్త్రసమ్మతము కాదు.

రెండవ పొర అన్యదేశ్యము. ‘బంగ్లా’ అనగా మొదట వంగదేశపు రీతి ఇల్లు. ఆంగ్లేయుల కాలమున అది సంచారమునకు వచ్చు అధికారుల విడిదికి పేరైనది. ప్రాచీన గ్రామనామముపై పరిపాలనాచిహ్నము చేరి, రెండును కలిసి ఒకే పేరైనవి.

ఈ నేలపై మూడవ పొర జలము. 1863లో ఆరంభమైన కర్నూలు–కడప కాలువ సుంకేసుల ఆనకట్టనుండి తుంగభద్రా జలములను ఈ మండలము మీదుగా కొనిపోవును. నౌకాయానమును కూడ ఉద్దేశించి మద్రాసు ఇరిగేషన్ కంపెనీ త్రవ్వించిన ఈ కాలువను 1882లో ప్రభుత్వము స్వాధీనపరచుకొన్నది. తరువాతి కాలమున శ్రీశైల జలాశయపు నీటిని బనకచర్లకు, అచటినుండి తెలుగు గంగకు పంపు తూము పోతిరెడ్డిపాడు వద్ద నిర్మితమైనది. సుమారు 11,000 క్యూసెక్కుల దాని సామర్థ్యమును 44,000 క్యూసెక్కులకు పెంచుటకు 2005లో ఉత్తర్వు వెలువడినది. నాటినుండి ఒక చిన్న పల్లె పేరు నదీజల వివాదములన్నిటను వినవచ్చుచున్నది.

అయినను తూము పేరు ఎరిగినవారిలో ఊరి కథ ఎరిగినవారు అరుదు. కేతు విశ్వనాథరెడ్డిగారు కడప ఊర్ల పేర్లపై చేసిన పరిశోధన మనకు మార్గము చూపినది. పొలముల పేర్లు, బావుల పేర్లు, వంకల పేర్లు పెద్దల నోటనే నిలిచియున్నవి. వారితోనే అవి గతించును. కావున ప్రాచ్య కళాశాలల అధ్యాపకులు విద్యార్థులచే వీనిని ఊరూర సేకరింపజేయుట తక్షణ కర్తవ్యము.