కర్మాగారమున సరకుల పట్టీ

మన కోలారు బంగారు గనులు 2001లో మూతపడెను. పిమ్మట ఈ ఊరి పెద్ద కర్మాగారమనగా అందరికిని గుర్తువచ్చునది భారత్ ఎర్త్ మూవర్సు. 1964లో కేంద్ర ప్రభుత్వము స్థాపించిన ఈ సంస్థయొక్క ఇచ్చటి శాఖలో బుల్డోజర్లు, ఎక్స్‌కవేటర్లు తయారగుచున్నవి. ఒక్కొక్క యంత్రమునకు కావలసిన విడిభాగములు అనేకములు. అవన్నియు వేళకు ఎట్లు సమకూరును?

పెండ్లివారింట వంటవాడు మొదట అడుగునది, ఎన్ని విస్తళ్ళని. ఆ సంఖ్యనుబట్టి బియ్యము, పప్పు, బెల్లము ఎంతెంతయో పట్టీ వ్రాయించును. ఇంట నున్నది తీసివేసి తక్కినదే కొనుమనును. పప్పు పదిదినములు ముందుగను, ఆకుకూర ఆనాటి ఉదయమునను తెప్పించును. కర్మాగారపు పద్ధతియు ఇట్టిదే.

పది బుల్డోజర్లు చేయవలెననుకొందము. చక్రములకు మారుగా ఒక్కొక్కదానికి రెండేసి ఇనుప గొలుసుపట్టాలు ఉండును, మొత్తము 20. గిడ్డంగిలో 6 ఉన్నచో, కావలసినవి 14. పట్టాకు 40 పలకల చొప్పున 560 పలకలు. పలకలు వచ్చుటకు ఆరు వారములు, పట్టాలు కూర్చుటకు రెండు వారములు పట్టునెడల, పట్టాలు బిగించు దినమునకు ఎనిమిది వారముల ముందే ఆర్డరు పంపవలయును. ఇవి బోధనకై మేము కల్పించిన అంకెలే గాని, లెక్క జరుగు తీరు నిజమైనదే.

ఇట్టి లెక్కను కంప్యూటరుచే చేయించు విధానమును 1960 దశకమున అమెరికాలో జోసెఫ్ ఓర్లికీ మొదలగువారు రూపొందించిరి. 1975లో ఆయన దీనిపై ఒక గ్రంథము వెలువరించెను. దీనికి మెటీరియల్ రిక్వైర్‌మెంట్స్ ప్లానింగ్ అని పేరు. పిదప యంత్రముల వేళలు, పనివారు, ధనము మున్నగు లెక్కలును కలిసి, 1990 దశకమున ఎంటర్‌ప్రైజ్ రిసోర్స్ ప్లానింగ్ అను పేరు వాడుకలోనికి వచ్చెను.

అయితే కంప్యూటరు గిడ్డంగిలోనికి పోయి చూడజాలదు. రిజిస్టరులో 6 పట్టాలని వ్రాసియుండి, నిజమునకు 4 మాత్రమే ఉన్నచో, అది తప్పు లెక్కనే చక్కగా చేసి చూపును. రెండు పట్టాలు తక్కువై ఒక బుల్డోజరు కదలక నిలిచిపోవును. దానికై వెచ్చించిన ధనమంతయు దానితోడనే నిలిచిపోవును. భయపడి అవసరమునకు మించి కొన్నచో, ఆ ధనము తుప్పుపట్టు ఇనుమైపోవును. కావున పెద్ద యంత్రముకంటె ముఖ్యమైనది, ఉన్నది ఉన్నట్లు వ్రాయు చేయి.

తల్లిదండ్రులకు మా విన్నపము. నెలసరుకుల పట్టీని మీ పిల్లలచేత తెలుగున వ్రాయింపుడు. డబ్బాలు విప్పి చూచి, ఉన్నదెంత, కావలసినదెంత, ఎప్పటికి కావలెను అను మూడు ప్రశ్నలకు జవాబు వ్రాయమనుడు. అంచనాగా వ్రాసినచో మరల కొలిపింపుడు. మాతృభాషలో నేర్చిన ఈ లెక్క, రేపు వారు ఏ కర్మాగారమున ఏ కంప్యూటరు ముందు కూర్చున్నను అక్కరకు వచ్చును.