ఆంటాలజీల నుండి జన్యుజాలాల నిర్మాణం: సాంబ మసూరి తెగులు నిరోధక జన్యువుల దృష్టాంతం

కృష్ణా డెల్టా వరిసాగులో సాంబ మసూరికి (బీపీటీ 5204) విశిష్ట స్థానం ఉంది. బాపట్ల వ్యవసాయ పరిశోధనా స్థానం నుండి 1986లో విడుదలైన ఈ సన్నరకం బాక్టీరియా ఎండాకు తెగులుకు సులువుగా లోనవుతుంది. హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలక కార్యాలయం (నేటి భారతీయ వరి పరిశోధన సంస్థ) ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 అనే మూడు నిరోధక జన్యువులను ఇందులో చేర్చి 2008లో మెరుగైన సాంబ మసూరిని అందించాయి. పొలంలో ఒకే ఫలితమిచ్చే ఈ మూడింటి మధ్య గల సంబంధాన్ని కంప్యూటరు గుర్తించగలదా అన్నది ఇక్కడి చర్చనీయాంశం.

ఆంటాలజీ అంటే ఒక శాస్త్రంలోని భావనలను, వాటి పరస్పర సంబంధాలను నిర్వచించి అమర్చిన పదవ్యవస్థ. 1998లో ఈస్ట్, పండ్ల ఈగ, ఎలుక జన్యు సమాచారంతో ప్రారంభమైన జీన్ ఆంటాలజీలో మూడు శాఖలున్నాయి: అణుస్థాయి విధి, జీవప్రక్రియ, కణంలోని స్థానం. రెండు జన్యువులకు ఉమ్మడి పదాలుంటే వాటి మధ్య ఒక బంధాన్ని గీయవచ్చు. అయితే అన్ని పదాలకూ సమాన విలువ ఉండదు. ఫిలిప్ రెస్నిక్ 1995లో ప్రతిపాదించిన కొలమానం ప్రకారం పదం ఎంత అరుదైనదైతే అంత సమాచారాన్నిస్తుంది. సగం జన్యువులకు వర్తించే పదం విలువ 1 బిట్ అయితే, 1024లో ఒక్కదానికే వర్తించే పదం విలువ 10 బిట్లు. ఇట్టి విలువలు నిర్ణీత పరిమితిని దాటిన జంటలను కలుపుతూ పోగా జాలం ఏర్పడుతుంది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఎక్స్‌ఏ21 బాక్టీరియాను పసిగట్టే గ్రాహక కైనేజు, బహిర్గత జన్యువు. తక్కిన రెండూ అంతర్గతాలు. ఎక్స్‌ఏ13 స్థానంలోని సాధారణ జన్యువు చక్కెరను రవాణా చేస్తుంది, పుప్పొడి వికాసానికి అవసరం. ఎక్స్‌ఏ5 స్థానంలోనిది జన్యు అనులేఖన యంత్రాంగంలో ఒక భాగం. బాక్టీరియా ఈ రెండింటినీ తన అవసరానికి వాడుకుంటుంది. వాటి మార్పుచెందిన రూపాలు ఆ అవకాశాన్ని దెబ్బతీస్తాయి కనుకనే నిరోధం కలుగుతుంది. జీన్ ఆంటాలజీ జన్యువు యొక్క సాధారణ విధిని వర్ణిస్తుందే తప్ప, ఒక్కొక్క రూపాంతరం వల్ల కలిగే లక్షణాన్ని కాదు. కావున అణుస్థాయి విధి శాఖ ఒక్కదానితోనే అల్లిన జాలంలో ఈ మూడూ దూరదూరంగా పడతాయి. మొక్కల లక్షణ ఆంటాలజీని కూడా జోడిస్తేనే ఇవి దగ్గరవుతాయి. వరి వంటి పంటకు ఈ జోడింపు తప్పనిసరి అని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

మరొక జాగ్రత్త కూడా అవసరం. వరి జన్యువులకు ఇచ్చిన పదాలలో చాలా భాగం ఇతర మొక్కల జన్యువులతో పోల్చి కంప్యూటరు కేటాయించినవే. పైగా ఎక్కువగా అధ్యయనం చేసిన జన్యువుకు పదాలు ఎక్కువ, అందువల్ల బంధాలూ ఎక్కువ; అది ప్రాముఖ్యానికి కొలత కాదు. ఆంటాలజీతో అల్లిన జాలాన్ని అదే ఆంటాలజీతో పరీక్షిస్తే ఫలితం బాగుండక ఏమవుతుంది? 2011లో వెలువడిన రైస్‌నెట్ అనే వరి జన్యుజాలం విషయంలో పరిశోధకులు అక్కడితో ఆగలేదు. ఎక్స్‌ఏ21తో సంబంధం గలవిగా జాలం సూచించిన జన్యువులను ప్రయోగశాలలో పరీక్షించి, వాటిలో మూడు నిరోధాన్ని ప్రభావితం చేస్తున్నట్లు వరి మొక్కలలోనే నిర్ధారించారు.