రణస్థలం దారిలో బెల్లం పానకం

ఈసారి ఈ పేజీలో మందుల సంగతి కాకుండా మా సైకిలు ప్రయాణం సంగతి రాద్దామనుకున్నాం. రాయడం మొదలుపెట్టాక మందుల సంగతి కూడా రాయక తప్పలేదు.

మేము ముగ్గురం. ఒకరం లేబొరేటరీలో, ఒకరం మందుల గదిలో పనిచేస్తాం. మూడోవారు మన సంఘంలో అందరికీ తెలిసిన మాస్టారు. రిటైరయి నాలుగేళ్లయింది, షుగరు వచ్చి పదేళ్లయింది. ఆయన అనుమతితోనే ఇదంతా రాస్తున్నాం.

ఫిబ్రవరిలో ఒక రెండో శనివారం విజయనగరం నుంచి కళింగపట్నం దాకా సైకిళ్ల మీద వెళ్లి, సాయంత్రం వంశధార సముద్రంలో కలిసే చోట కూర్చోవాలని మా ఆలోచన. రమారమి వంద కిలోమీటర్లు. గేర్ల సైకిలు ఒక్కటే. మిగిలిన రెండూ ఇంట్లో పాలకీ కూరలకీ తిరిగేవే.

తెల్లవారుజామున మూడు లాంతర్ల దగ్గర కలిశాం. నెల్లిమర్లలో టిఫిను చేద్దామనే ధీమాతో మాస్టారు ఇంట్లోనే షుగరు మాత్ర వేసుకొని వచ్చారు. మేం చేరేసరికి హోటలాయన ఇంకా పొయ్యి వెలిగించలేదు. చల్లగా ఉండగానే కొంత దూరం తొక్కేద్దాం, రామతీర్థంలో తిందాం అన్నారు మాస్టారు. రామతీర్థం కొండలు కనబడేసరికి, ఎలాగూ ఇంత దూరం వచ్చాం, రణస్థలంలోనే తిందాం అనుకున్నాం. ఆ మాట అన్నది ఆయన కాదు. ఆసుపత్రివాళ్లం, మేమే.

దారిలో మాస్టారు ప్రద్యుమ్న కుమార్ మహానందియా కథ అందుకున్నారు. మన పక్క ఒడిశాలో పుట్టిన చిత్రకారుడాయన. స్వీడన్‌లో ఉన్న భార్యను చేరుకోవడానికి 1977లో ఢిల్లీ నుంచి పాత సైకిలు మీద బయల్దేరి, అఫ్ఘానిస్తాన్, ఇరాన్, టర్కీల మీదుగా యూరప్ చేరాడు. దారిలో మనుషుల బొమ్మలు గీసి ఇచ్చేవాడు. వాళ్లు అన్నం పెట్టేవారు, పడుకోవడానికి చోటిచ్చేవారు. మాస్టారు కథ బాగా చెబుతారు. ఆయన చెబుతుంటే ఎత్తుగడ్డ కూడా తెలియదు.

రణస్థలం ఇంకా పది కిలోమీటర్లుందనగా కథ మళ్లీ మొదటికొచ్చింది. ఢిల్లీ అనాల్సిన చోట నెల్లిమర్ల అన్నారు. నవ్వాం. హేండిలు అటూ ఇటూ పోతోంది. దిగమంటే కసిరారు. ఇన్నేళ్ల పరిచయంలో ఆయన మమ్మల్ని కసరడం అదే మొదలు. చేతులు వణుకుతున్నాయి, చొక్కా తడిసిపోయింది. ఎండ ఇంకా ఎక్కనే లేదు, అయినా మేం అలసట అనుకున్నాం. నీళ్లు తాగించి, తల తడిపి, తువ్వాలుతో విసురుతూ కూర్చున్నాం.

ఎదురింటి అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తున్న మామ్మ లేచి వచ్చింది. మాస్టారి మెడ మీద చెయ్యేసి చూసింది.

“సుగరుందా బాబూ ఈ నాయనకి?”

ఉందన్నాం.

“పొద్దున్నేటి తిన్నాడు?”

మేము మాట్లాడలేదు. ఆమె కూడా జవాబు కోసం ఆగలేదు. లోపలికెళ్లి గ్లాసుతో బెల్లం పానకం తెచ్చి, మాస్టారిని అరుగుకి ఆనించి కూర్చోబెట్టి, గుక్క గుక్కగా తాగించింది. పావుగంటకి ఆయన మా వైపు చూసి, “కథ ఎక్కడ ఆపాను?” అన్నారు. అప్పుడు మామ్మ గంటి అంబలి పోసింది, ముగ్గురికీ.

మీకెలా తెలిసింది మామ్మా అని అడిగాం. వాళ్లాయన కూడా షుగరు మనిషేనట. ఒకసారి పొలం నుంచి వస్తూ ఇలాగే తూలుతూ పడిపోయాడు. “తాగీసినాడనుకొని దారిలో ఒగ్గీసినారు బాబూ. తెల్లారేసరికి నేడు.” ఆ తర్వాత ఏ ఆసుపత్రిలోనో ఒక నర్సమ్మ ఆమెకి ఈ గుర్తులన్నీ విడమరచి చెప్పిందట.

మా గ్లూకోమీటరు లేబొరేటరీలో బల్ల సొరుగులో భద్రంగా ఉంది. అది చేతిలో లేకపోయినా తెలుసుకోవలసిన గుర్తులే ఇవి. వణుకు, చల్లని చెమట, విపరీతమైన ఆకలి, కారణం లేని కోపం, మాట తడబాటు. రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే అది తక్కువే. ఇన్సులిన్ తీసుకునేవారికి, గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు వాడేవారికి ఈ ప్రమాదం ఎక్కువ. మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంటలో తగ్గకపోతే మళ్లీ ఇవ్వాలి. తేరుకున్నాక అన్నమో అంబలో పెట్టాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. మన రాష్ట్రంలో ఆ అంబులెన్సులు 2005 నుంచీ తిరుగుతున్నాయి. ఇంకొక మాట. ఎక్కువ శ్రమ చేసిన రోజు రాత్రి నిద్రలో కూడా చక్కెర పడిపోవచ్చు. అందుకే దూరప్రయాణానికీ, కోతల పనికీ ముందు మాత్ర మోతాదు గురించి డాక్టరుగారిని అడగాలి.

ఇక మాస్టారు సైకిలు తొక్కే ప్రశ్నే లేదు. కూరగాయల ట్రాలీ ఆటో ఒకటి చెయ్యెత్తకుండానే ఆగింది. ఆ కుర్రాడు వంకాయ బస్తాలు జరిపి సైకిలు పడుకోబెట్టి, మాస్టారిని తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. రణస్థలంలో డబ్బులివ్వబోతే, “మా నాన్నలాటోరు, ఏటండీ?” అని వెళ్లిపోయాడు. అక్కడ ఇడ్లీ తిని, శ్రీకాకుళం దాకా బస్సెక్కాం. సైకిళ్లు బస్సు పైన. రాత్రి అక్కడే తెలిసినవారింట్లో ఉండి, పన్నెండింటికీ మూడింటికీ అలారం పెట్టుకొని మాస్టారిని లేపాం. రెండుసార్లూ తిట్టారు. ఈసారి అది షుగరు తగ్గి కాదు. కళింగపట్నం దీపస్తంభం ఇప్పటికీ చూడలేదు.

నెల తర్వాత గ్లూకోమీటరు తీసుకొని మామ్మ ఇంటికి వెళ్లాం. పేపరులో ఆమె పేరు రాస్తామంటే, “వొద్దు బాబూ, మా కోడలు నవ్వుతాది” అంది. అరుగు మీదే వీధిలోవాళ్లకి చక్కెర చూశాం. మామ్మ ఎన్నడూ చూపించుకోలేదట. వేలు ముందుకు పెట్టమంటే నాకేటి అని నవ్వింది. అన్నం తిన్న రెండు గంటలకి 248 వచ్చింది. ఒక్కసారి చూసి తేల్చకూడదు, మళ్లీ పరీక్ష చేయాలి, రమ్మని చెప్పాం.

మంగళవారం పొద్దున్నే మన ఓపీలో వరుసలో ముందుంది. చేతిలో చింతపండు మూట, మాస్టారి కోసం.