కిటికీలు మారుస్తున్నారా? బేరానికి ముందే ఆరా తీయండి
సంస్థ ఎంపికలో తొందరపడితే ఇంటికీ, సొమ్ముకూ చేటు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్: ఇల్లు కట్టుకున్న తర్వాత కిటికీల గురించి మళ్లీ ఆలోచించే వారు అరుదు. చట్రానికి చెద పట్టినప్పుడో, రెక్క మూసుకోక మొరాయించినప్పుడో, వానజల్లు నేరుగా మంచం మీదికి వచ్చినప్పుడో మాత్రమే వాటి సంగతి గుర్తుకొస్తుంది. అప్పటికప్పుడు దగ్గరలోని దుకాణానికి వెళ్లి, చదరపు అడుగు ధర ఎంతో అడిగి, అడ్వాన్సు చేతిలో పెట్టి వస్తుంటారు. చిక్కులు అక్కడే మొదలవుతాయి. కూడబెట్టిన సొమ్ముతో ఒకసారి చేయించుకునే ఈ పని మళ్లీ పాతికేళ్ల దాకా చూడనవసరం లేకుండా ఉండాలంటే, కిటికీ కంటే ముందు దాన్ని బిగించే సంస్థను పరిశీలించడం అవసరం.

2016 అక్టోబరు 11న పాత పాలమూరు జిల్లా నుంచి వేరుపడి జిల్లా కేంద్రాలైన ఈ మూడు పట్టణాల్లోనూ అల్యూమినియం, యూపీవీసీ కిటికీలు తయారుచేసే దుకాణాలు కనిపిస్తున్నాయి. హైదరాబాద్ నుంచి వచ్చి కొలతలు తీసుకుని వెళ్లే వారూ ఉన్నారు. గద్వాల, అలంపూర్ ప్రాంతాల వారికి కర్నూలు బజారు దగ్గర. ఇన్ని దారులున్నప్పుడు ఎవరికి పని అప్పగించాలన్నది సహజంగానే వచ్చే సందేహం.

మార్చడం అవసరమేనా?

మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇది. పాత ఇళ్లలోని టేకు కిటికీలు చాలా వరకు బాగుచేయడానికి వీలైనవే. వేలితో గట్టిగా నొక్కినా, మేకుతో గుచ్చినా కలప లోపలికి దిగకపోతే చట్రం ఆరోగ్యంగా ఉన్నట్లే. రెక్క కింది పట్టీ మాత్రమే పాడైతే దాన్ని మార్చి, మడతబందులు కొత్తవి వేయించి, రంగు పూయిస్తే సరిపోతుంది. ఈ పనికి నమ్మకమైన వడ్రంగి చాలు, కంపెనీ అక్కరలేదు.

చట్రమే చెదపట్టి డొల్లగా మారితే మార్చక తప్పదు. నదీతీర గ్రామాల్లో మరో ఇబ్బంది ఉంది. 2009 అక్టోబరు తొలి వారంలో కృష్ణా, తుంగభద్ర వరదలకు అలంపూర్, రాజోలి ప్రాంతాలు నీట మునిగిన సంగతి తెలిసిందే. రోజుల తరబడి నానిన కలప ఉబ్బుతుంది, ఆరిన తర్వాత మెలితిరుగుతుంది. అలాంటి చట్రంలో కొత్త రెక్కలు అమర్చినా నిలకడగా ఉండవు.

రాయి, మట్టితో కట్టిన మిద్దెల్లో చట్రం పెకలించే ముందు గోడ స్థితిని చూపించుకోవాలి. పై బరువు పాత చట్రం మీదనే నిలిచి ఉంటే, ఆధారం పెట్టకుండా దాన్ని తీయడం ప్రమాదకరం. ఇటువంటి ఇళ్లలో అనుభవమున్న మేస్త్రీని వెంట ఉంచుకోవాలి. ఈ మాట ఇంటి యజమాని ఎత్తకముందే తానుగా ప్రస్తావించే సంస్థకు పని తెలుసునని భావించవచ్చు.

ఏ రకం మేలు?

కలప చూడముచ్చటగా ఉంటుంది, మరమ్మతుకు అనువైనది. అయితే చెద, తేమల బెడద ఉంది. టేకు కొనేవారు అనుమతి గల డిపోలోనే కొని రసీదు తీసుకోవాలి. నల్లమల నుంచి దొంగచాటుగా వచ్చే కలప చవకగా దొరికినా, 1967 నాటి అటవీ చట్టం కింద కేసు ఎదుర్కోవలసి రావచ్చు.

అల్యూమినియం తుప్పు పట్టదు, బరువు తక్కువ. ఎండకు త్వరగా వేడెక్కుతుంది. ఇందులో చూడవలసింది రేకు మందం, పై పూత. పలుచని రేకుతో చేసిన చట్రం కొన్నాళ్లకే వంగి, రెక్కలు జరగడం కష్టమవుతుంది. రేకు మందాన్ని మిల్లీమీటర్లలో రాసి ఇమ్మని అడగాలి.

యూపీవీసీ అంటే మెత్తబరిచే రసాయనాలు కలపని గట్టి పీవీసీ. దీనికి చెద పట్టదు, వేడిని త్వరగా లోపలికి పంపదు. కానీ దానంతట దానికి బిగువు తక్కువ కనుక చట్రం లోపల జింకు పూత వేసిన ఇనుప పట్టీ ఉండాలి. బయటికి కనిపించని ఈ పట్టీ దగ్గరే కొందరు మిగుల్చుకుంటారు. ఇనుప పట్టీ ఎంత మందం, ఏయే భాగాల్లో వేస్తారన్నది ముందే తేల్చుకోవాలి. కోసి ఉంచిన నమూనా ముక్కను చూపమంటే లోపలి గదులు, పట్టీ రెండూ కంటికి కనిపిస్తాయి. తెల్లదనం ఎండకు పసుపు బారకుండా ఎన్నేళ్లు ఉంటుందన్న హామీ కూడా రాతపూర్వకంగా ఉండాలి.

జరిపే రెక్కలా, తెరిచే రెక్కలా?

రెండు పట్టాల మీద జరిగే కిటికీ ఎంత తెరిచినా సగమే తెరుచుకుంటుంది. బయటికి తెరిచే రెక్కలైతే గాలి మొత్తం వస్తుంది. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో, సాయంత్రం గాలి మీద ఆధారపడే ఇళ్లకు ఈ తేడా చిన్నది కాదు. చోటు తక్కువగా ఉన్న ఇరుకు సందుల్లో మాత్రం జరిపే రెక్కలే నయం. కాలువలు, చెరువుల పక్కన ఉండేవారు దోమతెర కోసం మూడో పట్టా అడగాలి. కిటికీ బిగించిన తర్వాత అది అమర్చడం కష్టం.

పడమటి ఎండకు నల్లని అద్దమే మందు అని చెప్పే వారుంటారు. సజ్జ లేని చోట సజ్జ వేయించడమే అంతకంటే ఎక్కువ ఫలితమిస్తుంది. గద్వాల, రాజోలిలో మగ్గం ఉన్న గదులకు రంగు అద్దం అసలు పనికిరాదు. నూలు, పట్టు రంగులను పగటి వెలుతురులో పోల్చి చూసుకోవలసిన నేతన్నకు ఆ అద్దం కంటిని మోసం చేస్తుంది. అక్కడ తెల్లని అద్దం, దుమ్ము చొరని అంచుపట్టీ ముఖ్యం.

సంస్థ అంటే ఎవరు?

చాలామంది పొరపడేది ఇక్కడే. ప్రకటనల్లో కనిపించే పేరు తరచుగా పొడవాటి పట్టీలు తయారుచేసే కంపెనీది. వాటిని కోసి, అతికి, అద్దం వేసి కిటికీగా మలిచేది ఫ్యాబ్రికేటర్. ఇంటికి వచ్చి బిగించేది మరో బృందం కావచ్చు. పెద్ద కంపెనీ ఇచ్చే పదేళ్ల వారంటీ పట్టీ వరకే పరిమితమైతే, మూలల అతుకు విడిపోయినా, గోడ సందులోంచి నీరు కారినా అది వర్తించదు. కాబట్టి పట్టీకి ఎవరు, అద్దానికి ఎవరు, బిగింపునకు ఎవరు బాధ్యులన్నది విడివిడిగా అడగాలి. మూడింటికీ ఒకరే బాధ్యత వహిస్తామని రాసిచ్చే చోట పని అప్పగించడం క్షేమం.

దూరాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. చక్రం అరిగినా, గడియ విరిగినా వంద కిలోమీటర్లకు పైగా ఉన్న నగరం నుంచి మనిషి ఎప్పుడు వస్తాడు, రానుపోను ఖర్చు ఎవరిది? స్థానిక ఫ్యాబ్రికేటర్‌కు ఈ విషయంలో అనుకూలత ఉంది. అయితే అతని పనితనాన్ని దుకాణంలోని కొత్త నమూనాతో అంచనా వేయకూడదు. మూడు, నాలుగేళ్ల కిందట ఆయన బిగించిన ఇళ్ల చిరునామాలు అడిగి, రెండు వానాకాలాలు గడిచిన కిటికీలను స్వయంగా చూసి రావాలి. ఆ ఇంటివారితో పది నిమిషాలు మాట్లాడితే ప్రకటనలు చెప్పని సంగతులెన్నో తెలుస్తాయి.

జీఎస్టీ సంఖ్య కూడా ఒక ఆనవాలే. ఇందులో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. తెలంగాణలో నమోదైన సంస్థకు మొదటి రెండు అంకెలు 36, ఆంధ్రప్రదేశ్‌లో నమోదైతే 37. జీఎస్టీ పోర్టల్‌లో ఆ సంఖ్య కొడితే సంస్థ పేరు, నమోదు తేదీ, రద్దయిందా లేదా అన్నది ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు.

కొలతల్లోనే కిటుకు

ధర చదరపు అడుగుకు చెబుతారు. కానీ కొలతను ఎలా లెక్కిస్తారన్నది చాలామంది అడగరు. ఒక కిటికీ 3 అడుగుల 10 అంగుళాల వెడల్పు, అంతే ఎత్తు ఉందనుకుందాం. అసలు విస్తీర్ణం సుమారు 14.7 చదరపు అడుగులు. దాన్ని నాలుగడుగులకు సవరించి లెక్కిస్తే 16 చదరపు అడుగులవుతుంది. అలాంటివి ఆరు ఉంటే దాదాపు 8 చదరపు అడుగులు అదనం. ఉదాహరణకు అడుగుకు 700 రూపాయలనుకుంటే, లేని కిటికీకి 5,500 రూపాయల దాకా చెల్లించినట్లు. దీనిపై పన్ను వేరు. అందువల్ల కనీసం ముగ్గురి వద్ద కొటేషన్ తీసుకుని, ఒకే కొలత, ఒకే అద్దం, ఒకే రకం రెక్కలకు ధర చెప్పమనాలి. దోమతెర, ఇనుప జాలీ, పాత చట్రం తొలగింపు, గోడ పూత, రవాణా, పన్ను అందులో కలిసి ఉన్నాయో లేదో చూడాలి. అన్నీ కలిపిన మొత్తాన్ని పోల్చినప్పుడే ఎవరు చవకో తేలుతుంది.

అద్దం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మామూలు అద్దం పగిలితే కత్తుల్లాంటి పెంకులవుతుంది. టఫెన్డ్ అద్దం మొద్దుబారిన చిన్న ముక్కలుగా రాలుతుంది. పిల్లలున్న ఇంట్లో, నేలకు దగ్గరగా ఉన్న కిటికీలకు ఇదే వేయించాలి. ఐఎస్ 2553 సంఖ్యతో ఐఎస్‌ఐ ముద్ర ఉందేమో పరిశీలించాలి. ఈ అద్దాన్ని తయారైన తర్వాత కోయడం సాధ్యం కాదు. కొలత తప్పితే కొత్తది తెప్పించాల్సిందే. కనుక చివరి కొలత సంస్థ మనిషే తీసుకుని సంతకం చేయాలి. ఇంటివారు చెప్పిన కొలతతో చేశామన్న మాటకు అప్పుడు తావుండదు.

బరువూ తక్కువ కాదు. 5 మిల్లీమీటర్ల అద్దం చదరపు మీటరుకు 12.5 కిలోలు తూగుతుంది. రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున్న రెక్కలో అద్దమే తొమ్మిది కిలోలు దాటుతుంది. నాసిరకం మడతబందులు దాన్ని ఎన్నాళ్లో మోయలేవు.

కాగితం మీద ఏముండాలి?

నోటిమాట మీద జరిగే పనిలో తగాదా వస్తే నిలిచేది కాగితమే. ప్రతి కిటికీ కొలత, పట్టీ కంపెనీ పేరు, మందం, అద్దం రకం, మొత్తం ధర, పూర్తిచేసే తేదీ, ఆలస్యమైతే ఏం చేస్తారు, వారంటీ ఎన్నేళ్లు అన్నవి అందులో ఉండాలి. సొమ్ము ఒకేసారి ఇవ్వకూడదు. కొంత ఒప్పందం నాడు, కొంత సరుకు ఇంటికి చేరాక, మిగిలింది బిగింపు పూర్తయి నీటి పరీక్ష అయ్యాక చెల్లించేలా రాసుకోవాలి. ‘బిల్లు లేకుండా ఇస్తే పన్ను మిగులుతుంది’ అనే మాటకు లొంగితే, రేపు వారంటీ అడగడానికి ఆధారమే మిగలదు.

బిగింపే ప్రాణం

మంచి కిటికీ కూడా చెడ్డ బిగింపుతో పాడవుతుంది. ఎండకు యూపీవీసీ చట్రం వ్యాకోచిస్తుంది కనుక గోడకు, చట్రానికి మధ్య కొద్ది మిల్లీమీటర్ల సందు వదిలి, ఆ సందును సాగే గుణమున్న సీలెంట్‌తో నింపాలి. సిమెంటుతో బిగదీస్తే చట్రం వంగుతుంది. చట్రం కింది భాగంలో నీరు బయటికి పోయే రంధ్రాలుండాలి. అవి లేకపోతే పట్టాలో నిలిచిన నీరు గదిలోకే వస్తుంది. కిటికీ గట్టు బయటికి వాలుగా ఉండాలి. పని ముగిశాక బయటి నుంచి పది నిమిషాల పాటు గొట్టంతో నీళ్లు కొట్టించి, లోపల తడి లేదని చూసుకున్నాకే చివరి సొమ్ము ఇవ్వాలి. కొత్త కిటికీలు వానాకాలానికి ముందే వేయించుకోవడం మంచిది. చట్రం తీసిన గోడ తెరిచి ఉండగా వాన పడితే నష్టం ఇంటిల్లిపాదికీ.

ఊచలు తీసేయొద్దు.. తప్పించుకునే దారీ మూయొద్దు

కొత్త కిటికీలకు గడియ ఉందని పాత ఇనుప ఊచలు తొలగిస్తున్నారు. కోతుల బెడద ఉన్న గ్రామాల్లోనూ, మేడపై పిల్లలు తిరిగే ఇళ్లలోనూ ఇది తగదు. అలాగని అన్ని కిటికీలకూ కదలని జాలీ బిగిస్తే, అగ్నిప్రమాదం జరిగినప్పుడు వాకిలి తప్ప బయటపడే మార్గం ఉండదు. పడకగదుల్లో ఒక్క కిటికీకైనా లోపలి నుంచి తెరుచుకునే జాలీ పెట్టించి, తాళం చెవి ఇంటిల్లిపాదికీ తెలిసిన చోట ఉంచాలి.

వివాదం వస్తే..

నాసిరకం సరుకు వేసినా, అడ్వాన్సు తీసుకుని పని చేయకపోయినా ముందుగా సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఫొటోలు, రసీదులు, ఫోన్ సందేశాలు భద్రపరచుకోవాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అక్కడ పరిష్కారం కాకపోతే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. ఉమ్మడి జిల్లా కేంద్రమైన మహబూబ్‌నగర్‌లో జిల్లా కమిషన్ ఉంది. 2020 జులై 20న అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, సంస్థ ఏ ఊరిదైనా వినియోగదారుడు తాను నివసించే ప్రాంతపు కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు. వివాదానికి కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల లోపు ఫిర్యాదు అందాలి. న్యాయవాది లేకుండా స్వయంగా వాదించుకునే వీలూ ఉంది.

అయితే అంత దూరం వెళ్లే అవసరం రాకుండా చూసుకోవడమే తెలివైన పని. మూడు కొటేషన్లు, రెండు పాత ఇళ్ల పరిశీలన, ఒక సంతకం చేసిన కాగితం. వీటికి పట్టేది వారం రోజులే. ఆ వారం ఓపిక పడితే తొలకరి జల్లు కిటికీ అవతలే ఆగుతుంది.