తోరణంలా ఇనుము.. దారంలా పాలిమర్‌

రాకెట్‌ ఇంధనం నుంచి చక్కెర పరీక్ష దాకా ఫెర్రోసీన్‌ పాలిమర్ల పాత్ర

రామతీర్థం (నెల్లిమర్ల): విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల రైతులకు గోగునార కొత్త కాదు. ఆ నారకు బలాన్నిచ్చేది సెల్యులోజ్‌. చిన్న చిన్న గ్లూకోజ్‌ అణువులు వేల సంఖ్యలో వరుసగా ముడిపడి ఏర్పడిన పొడవాటి గొలుసు అది. ఇటువంటి గొలుసునే రసాయన శాస్త్రంలో పాలిమర్‌ అంటారు. ప్లాస్టిక్‌ బిందె, నైలాన్‌ తాడు, సైకిల్‌ టైరు ఈ కోవకు చెందినవే. వీటి నిర్మాణంలో ప్రధానమైనవి కర్బనం, హైడ్రోజన్‌ వంటి అలోహాలు. ఆ గొలుసుకు లోహాన్ని కూడా జతచేసి, ప్లాస్టిక్‌ గుణాన్నీ లోహ గుణాన్నీ ఒకే పదార్థంలో సాధించే ప్రయత్నమే మెటలోసీన్‌ పాలిమర్లు.

అనుకోకుండా దొరికిన స్ఫటికం

మెటలోసీన్లలో ప్రసిద్ధమైనది ఫెర్రోసీన్‌. 1951లో అమెరికాలో కీలీ, పాసన్‌ అనే శాస్త్రవేత్తలు వేరొక పదార్థం కోసం ప్రయత్నిస్తుండగా నారింజ రంగు స్ఫటికాలు లభించాయి. ఇంచుమించు అదే కాలంలో మరో బృందానికీ ఇదే పదార్థం దొరికింది. రెండు అయిదు భుజాల కర్బన వలయాల నడుమ ఒక ఇనుము పరమాణువు ఇమిడి ఉంటుందని 1952లో తేలింది. ఈ తరహా సమ్మేళనాలపై పరిశోధనకుగాను ఫిషర్‌, విల్కిన్సన్‌లకు 1973లో నోబెల్‌ బహుమతి లభించింది. ఫెర్రోసీన్‌ బరువులో సుమారు 30 శాతం ఇనుమే. అయినా అది తుప్పు పట్టదు, గాలికి చెడదు.

తయారీ ఇలా..

గుమ్మానికి కట్టే మామిడి తోరణాన్ని ఊహించుకుంటే ఈ పాలిమర్ల నిర్మాణం సులువుగా బోధపడుతుంది. దారం పాలిమర్‌ గొలుసు కాగా, వేలాడే ఆకులు ఫెర్రోసీన్‌ సమూహాలు. వీటినే పార్శ్వ సమూహాలంటారు. తయారీకి రెండు మార్గాలున్నాయి.

మొదటిది, ఆకులున్న ముక్కలనే వరుసగా ముడివేయడం. ఫెర్రోసీన్‌ను ఎసిటైల్‌ ఫెర్రోసీన్‌గా, దాన్ని ఆల్కహాల్‌గా మార్చి, అందులోంచి నీటి అణువును తొలగిస్తే వినైల్‌ ఫెర్రోసీన్‌ వస్తుంది. వీటిని గొలుసుగా కలిపితే పాలీవినైల్‌ ఫెర్రోసీన్‌ సిద్ధమవుతుంది. 1955లోనే ఇది వెలుగు చూసింది. సాధారణ ప్లాస్టిక్‌ల తయారీలో వాడే పెరాక్సైడ్లు ఇక్కడ పనికిరావు. అవి ఫెర్రోసీన్‌లోని ఇనుమును ఆక్సీకరిస్తాయి. అందుకే అజో తరగతి ప్రారంభకాలను వాడతారు. రెండోది, ముందుగానే తయారైన గొలుసుకు ఫెర్రోసీన్‌ను అతికించడం.

ఇంధనంలో కదలని ఉత్ప్రేరకం

రాష్ట్రంలోని శ్రీహరికోటలో ఇస్రో ఘన ఇంధన కర్మాగారం ఉంది. పీఎస్‌ఎల్‌వీ తొలి దశలో సుమారు 139 టన్నుల ఘన ఇంధనం వాడతారు. అమ్మోనియం పర్‌క్లోరేట్‌, అల్యూమినియం పొడిని పట్టి ఉంచే బంక హెచ్‌టీపీబీ అనే రబ్బరు వంటి పాలిమర్‌. ఈ తరహా ఇంధనాలు మండే వేగాన్ని పెంచాలంటే ఉత్ప్రేరకం కలపాలి. ఐరన్‌ ఆక్సైడ్‌ వంటివాటితోపాటు ఫెర్రోసీన్‌ ఉత్పన్నాలకూ ఆ శక్తి ఉంది.

చిక్కు నిల్వలోనే వస్తుంది. విడిగా కలిపిన ఫెర్రోసీన్‌ ద్రవాలు కాలక్రమంలో ఇంధనంలోంచి అంచుల వైపు జరుగుతాయి. అప్పుడు ఒకచోట వేగంగా, మరోచోట నెమ్మదిగా మండే ప్రమాదముంది. ఏళ్లతరబడి నిల్వ ఉంచే క్షిపణులకు ఇది ప్రాణాంతక లోపం. ఫెర్రోసీన్‌ను బంక గొలుసుకే రసాయనికంగా బంధిస్తే అది కదలదు. ఫ్రాన్స్‌లో రూపొందిన బ్యూటసీన్‌ ఈ సూత్రంపైనే తయారైంది.

చక్కెర పరీక్షలో..

ఫెర్రోసీన్‌లోని ఇనుము ఒక ఎలక్ట్రాన్‌ను తేలికగా ఇచ్చి, తిరిగి పుచ్చుకోగలదు. గ్లూకోజ్‌ నుంచి ఎంజైము తీసుకున్న ఎలక్ట్రాన్లను ఎలక్ట్రోడ్‌కు చేర్చే పని దీనికి అప్పగించవచ్చని 1984లో బ్రిటన్‌ శాస్త్రవేత్తలు నిరూపించారు. వెలువడే విద్యుత్తును బట్టి చక్కెర పరిమాణం తెలుస్తుంది. ఒకసారి వాడి పారేసే పట్టీకి చిన్న అణువు చాలు. పదేపదే వాడే పరికరంలో మాత్రం అది కరిగిపోతే లెక్క తప్పుతుంది. మధుమేహ రోగి వేసుకునే ఇన్సులిన్‌ మోతాదు ఆ లెక్కపైనే ఆధారపడుతుంది. అందుకే 1980 దశకం చివర్లో ఫెర్రోసీన్‌ను సిలికాన్‌ పాలిమర్లకు వేలాడదీసి పరిశోధనలు జరిపారు.

నీటి శుద్ధిలో..

పాలీవినైల్‌ ఫెర్రోసీన్‌ పూసిన ఎలక్ట్రోడ్‌కు విద్యుత్తు అందిస్తే ఇనుము ధనావేశం పొందుతుంది. నీటిలో రుణావేశంతో ఉండే క్రోమియం, ఆర్సెనిక్‌ అయాన్లను అది ఆకర్షిస్తుంది. విద్యుత్తును తిరగేస్తే వాటిని వదిలేస్తుంది. అమెరికా పరిశోధకులు ఈ విధానాన్ని ప్రయోగశాలలో నిరూపించారు.

అడ్డంకులూ ఉన్నాయి

పాలీవినైల్‌ ఫెర్రోసీన్‌ పెళుసుగా ఉంటుంది. సాధారణ పద్ధతిలో గొలుసు పొడవుగా పెరగదు. పాలిథిన్‌తో పోలిస్తే ఖరీదూ ఎక్కువే. కనుక ఇది బిందెలు, సంచుల తయారీకి వచ్చే సరుకు కాదు. కొద్ది గ్రాములతో కీలకమైన పని జరగాల్సిన చోటే దీని అవసరం. ఇక మెటలోసీన్‌ ఉత్ప్రేరకంతో తయారైన పాలిథిన్‌ వేరు, మెటలోసీన్‌ను గొలుసులో భాగంగా నిలుపుకొన్న పాలిమర్‌ వేరు. మొదటిదానిలో లోహం తయారీకి తోడ్పడుతుంది. రెండోదానిలో లోహమే ఆ పదార్థం గుణాన్ని నిర్ణయిస్తుంది. పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే రసాయన శాస్త్ర విద్యార్థులు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.